రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా పాత బండి రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాస్తున్నాను.

వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ అంటే ఏమిటో మీకు నేను వివరించాల్సిన పని లేదు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఈ పాత బండ్ల కోసమే 81ఏ నుంచి కొత్తగా చేర్చిన భాగం మీ శాఖ దగ్గర ఉంది. మా రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా ఆ నెలలోనే. పాత బండ్లను కాపాడుకుంటూ వస్తున్న మాలాంటి వాళ్లం ఆ రెండు వార్తలూ ఎంత సంతోషంగా చదువుకున్నామో మాకే తెలుసు. 50 ఏళ్లు దాటిన బండిని తుక్కు కింద చూడొద్దని, వారసత్వం కింద చూడాలని ప్రభుత్వమే రాతపూర్వకంగా చెప్పింది కదా, ఇక మా కష్టాలు తీరినట్టేనని అనుకున్నాం. ఏళ్లు గడిచిపోయాయి. నా బండి ఇప్పటికీ షెడ్డులోనే ఉంది.

అది ఎంజీ టీడీ. ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో 1950ల మొదట్లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1250 సీసీ ఇంజిను, జంట ఎస్‌యూ కార్బురేటర్లు, మడిచిపెట్టే గుడ్డ టాపు. ఈ మోడల్ కార్లు మొత్తం కలిపి 30 వేలకు కాస్త తక్కువే తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి, మన వైపు వచ్చినవి చాలా తక్కువ. ఇది బెల్లంపల్లి బొగ్గు గనుల్లో పనిచేసిన ఒక ఇంజినీరుది. ఆయన ఊరు విడిచి వెళ్తూ, నడవకుండా పడి ఉన్న ఈ బండిని మా బాపుకు అమ్మారు. బాపు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఫిట్టరుకు స్పోర్ట్స్ కారెందుకని నవ్వినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన పట్టించుకోలేదు. డ్యూటీ దిగి వచ్చాక రాత్రుళ్లు కూర్చుని ఒక్కో భాగం విప్పి, కడిగి, బిగించి దాన్ని రోడ్డెక్కించారు. డబ్బున్నవాళ్ల సరదా అని మీ శాఖలో ఎవరైనా అనుకుంటే, ఈ ఒక్క సంగతి దయచేసి గుర్తుపెట్టుకోవాలి.

దాని ఆర్సీ పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. గుడ్డ అతికించిన అట్ట, లోపల ఇంకుతో రాసిన ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు. ఇంజినీరు పేరు మీద గీత కొట్టి బాపు పేరు, ఆ తర్వాత బాపు పేరు మీద గీత కొట్టి నా పేరు. ప్రతి మార్పు పక్కనా అధికారి సంతకం, ఊదా రంగు ముద్ర. చివరి రెన్యూవల్ ఉమ్మడి రాష్ట్రంలో జరిగింది. అంటే ప్రభుత్వానికి తెలియని బండి కాదిది. మీ శాఖే పన్ను కట్టించుకుంది, మీ శాఖే ముద్రలు వేసింది.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఒక్కటే. ఆ పుస్తకంలో ఉన్నది కంప్యూటర్‌లో లేదు.

నేను వెళ్లిన కార్యాలయం పేరు గానీ, అక్కడి అధికారుల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు. నా గొడవ మనుషులతో కాదు. జరిగింది మాత్రం చెబుతాను. వింటేజ్ కింద దరఖాస్తు చేద్దామని నంబరు కొడితే, అలాంటి బండే లేదని తెర మీద వస్తుంది. పాత రిజిస్టరు చూసి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయండని, అంటే ఆ పాత రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించండని కౌంటర్‌లో అడిగితే, ఆ పాత రిజిస్టర్లు ఇక్కడ లేవు, జిల్లాలు విడిపోయినప్పుడు ఎటు పోయాయో తెలియదన్నారు. ఇంకో కార్యాలయానికి పంపారు. అక్కడివాళ్లు ఇది మా పరిధి కాదన్నారు. మళ్లీ మొదటి చోటికే వస్తే, రాష్ట్రం సొంత వ్యవస్థ నుంచి కేంద్రం వాళ్ల ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ వాహన్‌కు మారుతోంది, అది అయ్యేదాకా ఆగమన్నారు. ఆగాను. ఆగి వెళ్తే ఆ సీట్లో మనిషి మారిపోయారు. కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాను.

కొత్తగా వచ్చిన అధికారి మంచి మనిషే. కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడారు. రికార్డు లేదు కాబట్టి కొత్త రిజిస్ట్రేషన్ కింద పెట్టుకోండి, 20,000 రూపాయల రుసుం కట్టండి, వింటేజ్ బండ్లకిచ్చే వీఏ సిరీస్‌లో కొత్త నంబరు వస్తుందన్నారు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచాలని నిబంధన చెబుతోంది కదా సార్ అన్నాను. రికార్డు ఉంటేనే అది వర్తిస్తుందన్నారు. బాపు ముప్పూటలా తుడిచిన నంబరు ప్లేటు అది. పోనీ, బండి బతికితే చాలని ఆ మనసు కూడా చంపుకొని సరేనన్నాను. అప్పుడు అడిగారు, విదేశీ బండి కాబట్టి బిల్ ఆఫ్ ఎంట్రీ తెమ్మని. అంటే 70 ఏళ్ల కిందట ఏ రేవులో దిగిందో, కస్టమ్స్‌లో ఎంత సుంకం కట్టారో ఆ కాగితం. ఆ ఇంజినీరు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో కూడా మాకు తెలియదు.

మంత్రి గారూ, దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. పాత బండిగా వెళ్తే కంప్యూటర్‌లో లేదంటారు, దాన్ని ఎక్కించగలిగేది వాళ్లే. కొత్త బండిగా వెళ్తే కస్టమ్స్ కాగితం అడుగుతారు, అది ఈ భూమ్మీద ఎవరి దగ్గరా లేదు. దరఖాస్తు తీసుకుంటే 60 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలని నిబంధనలో ఉంది. కానీ దరఖాస్తే తీసుకోకపోతే ఆ 60 రోజులు ఎప్పుడు మొదలవుతాయి? తిరస్కరించామని రాసిస్తే పైవాళ్లకు అప్పీలు చేసుకోవచ్చు. అదీ రాసివ్వరు. నోటిమాటే. ప్రజావాణిలో అర్జీ ఇస్తే సంబంధిత శాఖకు పంపామని ఫోన్‌కు సందేశం వచ్చింది. ఆ సంబంధిత శాఖ అంటే మళ్లీ అదే కౌంటరు.

కార్యాలయం బయట ఒక ఏజెంటు మాత్రం దారి చూపించాడు. తుక్కుకు పోయిన ఇంకో బండి కాగితాలున్నాయట. మా చాసిస్ మీది నంబరు గ్రైండరుతో గీకేసి ఆ నంబరు పంచ్ కొట్టిస్తే వారంలో పనైపోతుందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ బండి ఇంజిన్ మీద ఎనిమిది మూలల ఇత్తడి పలక ఉంటుంది, దాని మీద ఫ్యాక్టరీలో కొట్టిన నంబరుంది. ఆ నంబరు, చాసిస్ నంబరు, నా ఆర్సీ పుస్తకం మూడూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. కావాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్ రుద్ది ప్రింటు తీసుకోవచ్చు. నిజాయతీగా ఉన్న బండికి దారి మూసుకుపోయి, దొంగ నంబరుకు తెరుచుకోవడం మీ శాఖకు తగునా?

ఇదంతా కాగితాల గొడవే కదా, బండి ఇంట్లో ఉంచుకుంటే ఏం పోయిందని కొందరు అడుగుతారు. నడవని బండి బతకదు సార్. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చక్రం దగ్గరి సిలిండర్లో పిస్టన్ తుప్పుతో పట్టేస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలు ఎండి జిగురు కడుతుంది. రబ్బరు సీళ్లు పగులుతాయి. టీడీ బాడీ రేకు లోపల ఉన్నది చెక్క చట్రం, మా ఎండలకు అతుకులు వదులవుతాయి, వానాకాలం చెద భయం. నెలకోసారైనా ఇంజిను పూర్తిగా వేడెక్కేలా పది పదిహేను కిలోమీటర్లు నడిపితేనే ఇవన్నీ సక్రమంగా ఉంటాయి. షెడ్డులో స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది నీటిని పట్టుకుంటుంది, ఆ కాలం నాటి రబ్బరునూ కార్కునూ తినేస్తుంది. టాంకులో నిల్వ ఉంటే ఇంకా ప్రమాదం. అది కేంద్రం వ్యవహారమని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

రోజూ తిప్పుతామని మేమెవరమూ అనడం లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలని నిబంధనే హద్దు గీసింది. ఆ హద్దు మాకు సమ్మతమే. కానీ రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండికి ఇన్సూరెన్స్ ఇవ్వరు. ఇన్సూరెన్స్ లేకుండా గేటు దాటితే బండి సీజ్. మరమ్మతుకు తీసుకెళ్లాలన్నా లారీ కిరాయి కట్టి ఎక్కించుకోవాల్సిందే.

మరమ్మతు చేసే చేతులు కూడా మా కోసం ఆగవు. కాజీపేటలో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఈ ఇంజిన్‌లో బోల్టుల త్రెడ్డు మెట్రిక్ కొలతది, తల మాత్రం విట్‌వర్త్ అనే పాత ఇంగ్లిషు కొలతది. మామూలు పానా పట్టదు. పట్టిందని బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. ఆయన దగ్గర ఆ పానాల సెట్టు ఉంది, ఏ బోల్టు ఎంత బిగించాలో మణికట్టుకు తెలుసు. జంట కార్బురేటర్లకు గాలి సమానంగా అందుతోందో లేదో రబ్బరు గొట్టం ఒక చివర చెవికి పెట్టుకుని, రెండో చివర ఒక్కో కార్బురేటర్ నోటి దగ్గర ఉంచి, బుసను బట్టి చెప్పేస్తారు. పట్టేసిన బ్రేక్ సిలిండరును ములుగు రోడ్డులో లేతు మీద బోరు కొట్టించి, స్లీవ్ వేసి మళ్లీ నిలబెట్టింది ఆయనే. ఇప్పుడు ఆయనకు చూపు తగ్గుతోంది. ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకుంటామని వచ్చారు. బండ్లే రోడ్డు మీదికి రాకపోతే వాళ్లకు పనెక్కడిది? ఒకడు అప్పుడే హైదరాబాద్‌లో షోరూమ్ ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

నా ఒక్కడి గోడు కాదిది. మేం కొద్దిమందిమే, సంఘం పేరంటూ ఏమీ లేదు. కరీంనగర్‌లో ఒక డాక్టరు గారి దగ్గర మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. జగిత్యాలలో ఒక బియ్యం వ్యాపారికి ఫియట్ 1100. మంచిర్యాలలో ఒక రిటైర్డ్ టీచరు జీపును సొంత బిడ్డలా సాకుతున్నారు. హెరాల్డ్‌కు పనికొచ్చే స్విచ్ నాకు దొరికితే డాక్టరు గారికి పంపుతాను, నాకు కావాల్సిన గాస్కెట్ ఆయన చెన్నైలో వెతికి పెడతారు. బతుకమ్మ సెలవుల్లో అందరం బండ్లు తెచ్చి సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నిలబెడితే, పిల్లలు బానెట్ చుట్టూ మూగి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవాళ్లు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు పడుకుని మరీ చాసిస్ కింద చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరి బండి ఎక్కడ పట్టుకుంటారోనన్న భయంతో అదీ ఆగిపోయింది. వాళ్లందరి కాగితాల కథా నాదే, కొద్ది తేడాలతో.

విద్యుత్ వాహనాలకు రోడ్ ట్యాక్స్ మినహాయించారు, మంచి పని. మేం మినహాయింపు అడగడం లేదు. 20,000 కట్టమంటే కడతాం. తనిఖీకి రమ్మంటే, ఇన్సూరెన్స్‌కు దారి చూపండి, వస్తాం. మాకు కావాల్సింది పాత ఆర్సీ పుస్తకాన్ని చూసి, బండిని ఎదురుగా పెట్టుకుని, బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయమని మీ నుంచి ఒక్క ఉత్తర్వు. పుస్తకంలో మీ శాఖ ముద్రలు ఉన్నప్పుడు కస్టమ్స్ కాగితం అడగొద్దని అందులో ఒక్క వాక్యం. వింటేజ్ దరఖాస్తులు చూడడానికి ఉండాల్సిన నోడల్ అధికారి ఎవరో, రాష్ట్ర కమిటీలో ఎవరున్నారో మాకు చెప్పండి. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి ఎక్కడికి రమ్మన్నా వస్తాం. బ్యాక్‌లాగ్ ఎంట్రీ ఒక్కటి చేయించండి సార్, మిగతాదంతా మేం చూసుకుంటాం.

అది కూడా కుదరదంటే, ఏ నిబంధన కింద కుదరదో రాతపూర్వకంగా ఇప్పించండి. ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్తాం. నోటిమాట మీద ఇన్నేళ్లు తిప్పడం మాత్రం ఇక చాలించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు
మీ జవాబు కోసం ఎదురుచూసే
ఒక పాత కారు యజమాని,
హనుమకొండ