నావికుడి పీపీవోలో భార్య పుట్టినతేదీ ఉందా?

సంపాదకులకు,

డిసెంబరు 4 నేవీ డే వచ్చిందంటే 1971 యుద్ధంలో పనిచేసినవారి గురించి పత్రికలు తప్పకుండా రాస్తాయి, విశాఖ ఎడిషన్లయితే మరీనూ. ఆ ఏడాది పాతికేళ్లున్న సెయిలర్ ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటారు. పదిహేడో పద్దెనిమిదో నిండగానే చేరి, పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని, ముప్ఫై దాటగానే బయటికొచ్చి, పోర్టులోనో షిప్‌యార్డులోనో రెండో ఉద్యోగం చేసి, పిల్లల పెళ్లిళ్లు చేసి, మనవల్ని బడిలో దింపివచ్చిన మనిషి. ఓడల మీద గడిపిన కాలం కంటే పింఛను తీసుకున్న కాలమే ఎక్కువ. ఇంటికోసం అన్నీ అమర్చిన ఆ పెద్దాయన చాలా ఇళ్లలో ఒక్కటి మాత్రం చూసుకోరు: పీపీవోలో, అంటే పింఛను మంజూరు ఉత్తర్వులో, భార్య పేరు, పుట్టినతేదీ సరిగా పడ్డాయా లేదా అన్నది.

దాని విలువ ఎంతో లెక్క వేస్తేగాని తెలియదు. సర్వీసు పింఛను సుమారుగా చివరి జీతంలో సగం. ఆయన తర్వాత ఆమెకు వచ్చే సాధారణ ఫ్యామిలీ పింఛను అదే జీతంలో 30 శాతం. అంటే బేసిక్‌లో ఆయనకు వంద వస్తుంటే ఆమెకు అరవై. ఏడేళ్లపాటు ఆమెకూ జీతంలో సగం ఇస్తారు కదా అని కొందరంటారు. నిజమే, కానీ ఆయన బతికుంటే 67 నిండే తేదీ ముందు వస్తే అది అక్కడితో ఆగిపోతుంది. ఎనభైలో పోయినవారి ఇంటికి ఆ మాట వర్తించదు. పైగా వయసును బట్టి ఆయనకు కలిసిన అదనపు పింఛను కూడా ఆయనతోనే పోతుంది. 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం, ఇదీ వరస. 86 ఏళ్ల ఆయనకు బేసిక్ వందకు 130 అందుతుంటే 78 ఏళ్ల ఆమెకు మిగిలేది 60. అందులో సగం కూడా కాదు.

ఆ వయసు శాతాలు ఆమెకూ ఉన్నాయి, ఆమె వయసును బట్టి. 80 నిండే నెల మొదటి తేదీ నుంచే ఇవ్వాలి. అయితే రికార్డులో పుట్టినతేదీ ఖాళీగా ఉంటే ఆమెకు 80 నిండినట్టు కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు. కనీస ఫ్యామిలీ పింఛను 9,000 రూపాయల మీద 20 శాతమంటే నెలకు 1,800. ఐదేళ్లకు 1,08,000. కరువు భత్యం దీనికి అదనం.

పేరు దగ్గర వచ్చే చిక్కు వేరు. పెళ్లయిన కొత్తలో ఆయన చెబితే యూనిట్‌లో రైటర్ (గుమస్తా) తన చెవికి వినబడినట్టు ఇంగ్లిషులో రాసుకున్నది పీపీవోకెక్కింది. అక్కడ ‘లక్ష్మి’. ఆధార్‌లో ‘మహాలక్ష్మి’. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందు చేరి మరో మహాలక్ష్మి. ముగ్గురూ ఒకరేనని ఊరందరికీ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. పుట్టినతేదీ తెలియని ఆ తరం ఆడవాళ్లకు ఆధార్‌లో జనవరి 1 పడటం మామూలే. ఓటరు కార్డులో ఇంకో సంవత్సరం ఉంటుంది. ఆధార్‌లో పుట్టినతేదీని ఒక్కసారే మారుస్తారు కాబట్టి తొందరపడి మార్పించవద్దు. గట్టి రుజువు దేనికుందో చూసుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటినీ ఒకే తీరుకు తెచ్చాకే రక్షణశాఖ పింఛన్లు నడిచే స్పర్శ్ పోర్టల్ జోలికి వెళ్లాలి. అక్కడ ప్రొఫైల్‌లో కుటుంబ వివరాలు తెరిచి చూసి, తేడా ఉంటే సవరణకు అర్జీ పెట్టాలి. సెయిలర్ల రికార్డు ముంబై మాన్‌ఖుర్ద్‌లో ఉంటుంది. అక్కడి కాగితంతో సరిపోలితేనే మార్పు జరుగుతుంది. పేరు మరీ తేడాగా ఉంటే నోటరీ అఫిడవిట్ కూడా సిద్ధం చేసుకోవాలి.

ఇదంతా ఆయన ఉండగానే ఎందుకంటే, ‘ఈమె నా భార్య’ అని ఆయన పెట్టే సంతకానికి మించిన రుజువు లేదు. లాగిన్ ఓటీపీ కూడా ఆయన ఫోనుకే వస్తుంది. దినకర్మలు కాగానే ఆ సిమ్ తీసేసే పిల్లలున్నారు. దయచేసి ఫ్యామిలీ పింఛను మొదలయ్యేదాకా దాన్ని రీచార్జ్ చేస్తూ ఉండండి.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు ఉండదు. ధ్రువపత్రంలో ఆయన పేరు పీపీవోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ఆ వెంటనే స్పర్శ్‌లో తెలియజేయాలి. పింఛను మరణించిన రోజు వరకే. ఆ తర్వాత ఖాతాలో పడింది వాడుకుంటే వెనక్కి రాబడతారు. ‘ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు’ పద్ధతిలో ఇద్దరి పేరునా ఖాతా ఉంటే ఆమె అదే ఖాతాలో పింఛను తీసుకోవచ్చు, కొత్తది తెరవనక్కర్లేదు. రెండో ఉద్యోగానికీ ఫ్యామిలీ పింఛను ఉంటే రెండూ తీసుకోవచ్చని 2012 సెప్టెంబరు 24 నుంచి ఉత్తర్వు ఉంది. ఒకటే వస్తుందనుకుని రెండోది అడగని ఇళ్లున్నాయి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డును కూడా ఆమె పేర మార్పించుకోవాలి.

లైఫ్ సర్టిఫికెట్‌లో ఎక్కువగా జరిగే తప్పు ఒకటే. ఆ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో పింఛను చెల్లించేవారి గడిలో అలవాటుగా పాత బ్యాంకును ఎంచుకుంటారు. స్పర్శ్‌కు మారినవారు స్పర్శ్‌నే ఎంచుకోవాలి. లేకపోతే సర్టిఫికెట్ బ్యాంకుకు చేరుతుంది, పింఛను మాత్రం ఆగిపోతుంది.

ఎనభై దాటినవారు అక్టోబరు 1 నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఆ వార్త ఏటా వేస్తూనే ఉన్నారు. ఈసారి దాని కింద, పీపీవో తీసి భార్య పుట్టినతేదీ చూసుకోమని ఒక్క వాక్యం కలపమని మనవి.

— నేవీ పింఛనుదారుల కుటుంబాలకు కాగితాల పనిలో తోడ్పడే కొందరం,
గాజువాక, విశాఖపట్నం