హేజ్‌బరో గురించి రాసింది సరిచేయండి

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం పేజీలో సముద్రంలో కలిసిపోతున్న ఇంగ్లండ్ పల్లె అని అర పేజీ వార్త వేశారు. సవరణ ఏమైనా వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూశాను. రాలేదు. పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లోని నారిచ్ నగరంలో ఉంటున్నాను, ఆ ఊరికి మా ఇంటి నుంచి గంట లోపు ప్రయాణమే, అందుకే రాయక తప్పడం లేదు.

ఊరి పేరు హ్యాపిస్‌బర్గ్ కాదండీ. ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే అలాగే చదవాలనిపిస్తుంది, కానీ అక్కడ చిన్నపిల్లాడిని అడిగినా హేజ్‌బరో అంటాడు. పేరు సంగతి వదిలేద్దాం. 'నార్ఫోక్ జిల్లా అధికారులు' అని మూడుసార్లు రాశారు, అలాంటి జిల్లాయే లేదు. నార్ఫోక్ ఒక కౌంటీ, దాని కింద ఏడు జిల్లాలు, ఒక్కో జిల్లాకూ విడిగా ఎన్నికైన కౌన్సిల్ ఉంది. హేజ్‌బరో ఉన్నది నార్త్ నార్ఫోక్ జిల్లాలో, దాని ఆఫీసు క్రోమర్‌లో. ఇక మీరు వేసిన ఫొటో అసలు ఆ ఊరిదే కాదు, హెమ్స్‌బీది. అది ఇంకా దక్షిణాన, గ్రేట్ యార్మత్ కౌన్సిల్ కిందికి వస్తుంది. అక్కడ ఇళ్లు ఇసుక దిబ్బల మీద ఉంటాయి, 2023 డిసెంబరులో వాటిలో కొన్ని కూల్చేశారు. హేజ్‌బరోలో ఇసుకా బంకమన్నూ కలిసిన ఎత్తయిన గట్టు. అలలు కింద తొలుస్తాయి, వాన నీరు పైనుంచి దిగుతుంది, ఒక రాత్రికి గట్టు పెళ్లలు పెళ్లలుగా జారిపోతుంది.

ఎందుకింత పట్టింపు అంటారేమో. ఏ ఊరు ఏ ఆఫీసు కింద ఉందన్నదాని మీదే అక్కడ ఇల్లు నిలవడం, పోవడం ఆధారపడి ఉన్నాయి. మీ వార్త మాత్రం అంతా 'ప్రకృతి ప్రకోపం' అని తేల్చేసింది.

హేజ్‌బరో నుంచి కాస్త దక్షిణంగా వెళితే సీ పాలింగ్ వస్తుంది. 1953 జనవరి 31 రాత్రి ఉప్పెనలో ఆ చిన్న ఊళ్లో ఏడుగురు చనిపోయారు. అది పల్లపు నేల, సముద్రం గట్టు తెంచుకుని వస్తే లోపల ఎంతో దూరం మునుగుతుంది. అందుకని అక్కడ ముంపు సంగతి చూసే జాతీయ సంస్థ చూసుకుంది, 1990ల్లో తీరానికి ఎదురుగా సముద్రంలో తొమ్మిది రాతి దిబ్బలు కట్టారు. హేజ్‌బరో గట్టు మీద ఉంది కాబట్టి మునగదు, కోతకు గురవుతుంది. ముంపు ఒక శాఖ, కోత ఇంకో శాఖ. కోత చూడాల్సింది జిల్లా కౌన్సిల్. అయితే 1949 నాటి తీర రక్షణ చట్టం కౌన్సిల్‌కు ఇచ్చింది అధికారమే, బాధ్యత కాదు. గోడ కట్టాలనుకుంటే కట్టవచ్చు, కట్టకపోతే అడిగే హక్కు ఎవరికీ లేదు. డబ్బు కోసం ప్రభుత్వాన్ని అడిగితే ఎన్ని ఇళ్లు కాపాడుతున్నారని లెక్క కడతారు. పల్లెల్లో ఇళ్లు ఎన్నుంటాయి?

ఉత్తరం వైపు బాక్టన్ చూడండి. అక్కడ గ్యాస్ టెర్మినల్ ఉంది. 2019లో 18 లక్షల ఘనపు మీటర్ల ఇసుక తెచ్చి తీరమంతా పోశారు, ఖర్చులో పెద్ద భాగం టెర్మినల్ కంపెనీలు పెట్టుకున్నాయి. దాని చలవ వల్ల బాక్టన్, వాల్కట్ ఊళ్లకూ రక్షణ దొరికింది, మంచిదే. హేజ్‌బరోకు గ్యాస్ లేదు. 1950ల చివర్లో వేసిన చెక్క రక్షణ గోడలు పాడైపోతే మళ్లీ పూర్తిగా కట్టలేదు, జనం చందాలు వేసుకుని రాళ్లు కొనిపించారు.

పోయిన నెల మా అబ్బాయిని తీసుకుని హేజ్‌బరోలోని బీచ్ రోడ్డుకు వెళ్లాను. రోడ్డు నడుస్తూ నడుస్తూ గాల్లో ఆగిపోతుంది. తెగిన చోట తారు పొర, దాని కింద కంకర, దాని కింద బంకమట్టి వరసగా కనిపిస్తాయి, మధ్యలోంచి ఒక నీటి గొట్టం మూర పొడవున బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఎవరో దాని నోటికి గుడ్డ కుక్కారు. ఆ గొట్టం ఒకప్పుడు ఏ ఇంటి వంటగదిలోకి వెళ్లేదో. మాది ఉప్పాడ పక్క ఊరు, మా మేనత్త వాళ్ల ఇల్లు అలాగే పోయింది, ఆ గుడ్డ చూసి నాకు కాళ్లాడలేదు.

ఆ రోడ్డు మీద తొమ్మిది ఇళ్లను మాత్రం ఒక ప్రయోగ పథకం కింద కౌన్సిల్ కొనుక్కుని కూల్చేసింది. అది ఒక్కసారికే. తర్వాతి వాళ్లకు నష్టపరిహారం లేదు, ఇన్సూరెన్సు వర్తించదు, కూల్చడానికి 6,000 పౌండ్ల దాకా సాయం ఇస్తారు, అంతే. సొంత ఇల్లు కూల్చుకోవడానికి సాయం! నాకు తెలిసిన ఒక పెద్దావిడ తన పెరటి కంచె పడిపోయిందని ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే మా పని కాదు అక్కడ అడగమన్నారట, అక్కడ అడిగితే ఇంకో చోటు చెప్పారట. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ మొత్తం మీద 65 ఏళ్లు నిండినవాళ్ల శాతం ఎక్కువ ఉన్నది ఈ జిల్లాలోనే, 33.5 శాతం. ఆ వయసువాళ్లను ఫోన్ చుట్టూ తిప్పుతారా? ఎక్కడైనా ఆఫీసులు ఇంతేనని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

ఇప్పుడు జిల్లా కౌన్సిళ్లనే ఎత్తేసే పని పెట్టుకున్నారు. 2024 డిసెంబరులో ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం ప్రకారం కౌంటీ, జిల్లా అన్న రెండంచెలు పోయి పెద్ద కౌన్సిళ్లు వస్తాయి. బాధ్యత అన్న మాట చట్టంలో చేర్చకుండా బోర్డు మార్చినంత మాత్రాన ఏం ఒరుగుతుంది? క్రోమర్‌లో తీరం సంగతి చూసే ఇంజినీర్లకు ఏ గట్టు ఏ వానకు కదులుతుందో తెలుసు. ఆఫీసు లోపలి ఊళ్లకు పోతే ఆ తెలివిడి కూడా పోతుందని నా భయం.

ఇంకొకటి. 2013లో ఇదే తీరంలో ఎనిమిదిన్నర లక్షల ఏళ్ల నాటి ఆదిమానవుల అడుగుజాడలు బయటపడ్డాయి, ఆఫ్రికా బయట దొరికిన వాటిలో అవే పాతవి, రెండు వారాల్లో అలలు తుడిచేశాయి. అర పేజీ వార్తలో దానికి ఒక్క వాక్యం దొరకలేదు, 'వింత ఊరు' అన్న ఉపశీర్షికకు మాత్రం చోటు దొరికింది. ఇళ్లు పోగొట్టుకుంటున్నవాళ్ల ఊరు వింత ఊరా?

సవరణ వేయండి, మూలన రెండు వరుసల్లో కాదు, వార్త వచ్చిన పేజీలోనే. ఫొటో కావాలంటే పంపిస్తాను. తెగిన రోడ్డు మీద నిలబడి మా అబ్బాయి తీశాడు, వెనక ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్ స్పష్టంగా కనిపిస్తుంది, ఏ ఊరో ఎవరూ పొరబడరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నారిచ్
(పేరు ప్రచురించవద్దని మనవి)