లిస్టులో పేరు లేదని పిల్లల వైద్యం ఆపకండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. కావలి దగ్గర పల్లె నుంచి రాస్తున్నాను. మా అక్క కొడుక్కి 14 ఏళ్లు. ఎడమ చంక కింద పక్కటెముకల మీద వాపు వచ్చింది. మొదట చూసినవాళ్లు ఎక్స్‌రేలో నీరు కనబడిందని, తెమడలో ఏమీ రాకపోయినా, టీబీ మందులు మొదలుపెట్టారు. వాపు తగ్గకపోగా చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి ఎత్తలేని స్థితికి వచ్చాడు పిల్లాడు. చివరికి చెన్నైలో ముక్క తీసి పరీక్షిస్తే ‘ఆస్కిన్ ట్యూమర్’ అని, అంటే ఛాతీ గోడలో వచ్చే ఒక రకం క్యాన్సర్ గడ్డ అని తేలింది.

ఆ రిపోర్టుతో ప్రభుత్వ పథకం కింద ఉచిత వైద్యం కోసం ఒక ఆస్పత్రికి పోతే, ఈ పేరు పథకం జబ్బుల లిస్టులో లేదన్నారు. ‘జబ్బుందంటారు, లిస్టులో లేదంటారు, ఎట్టయ్యా మరి’ అని మా అక్క ఆ కౌంటర్ దగ్గరే కూలబడిపోయింది.

సార్, ఇది పేరు లేని జబ్బు కాదు. పిల్లల ఛాతీ గోడలో వచ్చే ఈ గడ్డ గురించి 1979లో ఫ్రెడరిక్ ఆస్కిన్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు రాశారు కాబట్టి ఆయన పేరు నిలిచింది. 1921లో జేమ్స్ యూయింగ్ ఎముకల్లో వచ్చే ఒక క్యాన్సర్ గురించి రాశారు; దాంట్లో 11, 22 క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారి ఉంటాయని, ఆస్కిన్ గడ్డలోనూ అదే మార్పు ఉందని తర్వాత తెలిసింది. అందుకే ఇప్పుడు దీన్ని యూయింగ్ సార్కోమాలోనే కలిపేశారు. వైద్యం కూడా అదే, ముందు కీమో, తర్వాత ఆపరేషన్, అవసరమైతే రేడియేషన్. డాక్టర్లు రెండూ ఒకటేనంటుంటే కంప్యూటర్ కాదంటే ఎలా? లిస్టులో యూయింగ్ సార్కోమా పక్కన ఆస్కిన్ ట్యూమర్ అనే పాత పేరు కూడా ఎక్కించమని ఒక్క ఆర్డర్ ఇవ్వండి.

ఇంకో సంగతి. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి డాక్టర్లకు ముందు ఆ అనుమానం రావడం సహజమే. కానీ పక్కటెముక మీద గట్టి వాపున్న పిల్లలకి రుజువు లేకుండా నెలల తరబడి మందులు మింగించకుండా, ముందు స్కాన్, బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) చేయించాలని జిల్లాల్లో గట్టిగా చెప్పించండి. మైక్రోస్కోపులో ఈ కణాలు చిన్నగా, గుండ్రంగా, నీలంగా ఉంటాయి, లింఫోమా అనే ఇంకో రకం క్యాన్సర్ కూడా అలాగే కనిపించొచ్చు. తేడా తెలియాలంటే కణాల మీద సీడీ99 లాంటి గుర్తు ప్రోటీన్లు ఉన్నాయా అని చూసే మార్కర్ పరీక్షలు, జన్యు పరీక్ష కావాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాస్పత్రుల్లో ముక్క తీసి, ఆ శాంపిల్‌ని పెద్ద ల్యాబ్‌కి ప్రభుత్వమే పంపే ఏర్పాటు చేయండి. నొప్పితో ఉన్న పిల్లాణ్ణి బస్సుల్లో తిప్పే బాధ తప్పుతుంది.

మావాడికి కీమో నడుస్తోంది, అప్పు చేసి. ఆర్డర్ వస్తే మిగిలిన కీమోలైనా పథకం కింద జరుగుతాయి.

ఇట్లు,
ఒక మేనమామ, నెల్లూరు జిల్లా