గుండు మీంచి రాయి ఎక్కడ విడుస్తది?

అరేయ్ దోస్తు,

ఎట్లున్నవ్‌రా? ఇంట్ల అమ్మ, చెల్లె మంచిగున్నరా? హన్మకొండల మూడు దినాల సంది ముసురే. ఐతారం జర తెరిపిస్తే మా అన్న కొడుకును తీస్కొని వరంగల్ కోటకు పోయిన. ఏకశిల గుట్ట కాడ కూసుంటే పోరడు అడిగిండు: "చిన్నాయినా, నున్నటి గుండు, అదే గుండ్రటి బండ, దాని నెత్తిమీంచి రాయి జారితే కిందిదాంక గుండును అంటుకునే పోతదా?"

వాని ఇంటర్ నోట్‌బుక్కుల లెక్క ఇదే. రాయి మీద బలాలు రెండే: బరువు, గుండు బయటికి నెట్టే అభిలంబ ప్రతిచర్య, అదే ఎన్. వాడు ఎన్ అంటే ఎంజీ కాస్ తీటా అని రాసిండు. ఎం రాయి ద్రవ్యరాశి, జీ గురుత్వ త్వరణం, ఎంజీ అంటే బరువు; తీటా అంటే గుండు నెత్తి నుంచి రాయి ఎంత దిగిందో కేంద్రం కాడ కొలిచే కోణం. వాలుతలం మీదైతే సరే. వంపు మీద రాయికి కేంద్రం దిక్కు త్వరణం కావాలె. బరువుల కొంత దానికే పోతది, మిగిలిందే ఎన్.

ఈ ఎన్ అంటే నాకు మస్తు ఇష్టంరా. బరువుకు, స్ప్రింగుకు సూత్రం ముందే ఉంటది. దీనికి ఉండదు. రాయి గుండులకు దిగకుండ ఎంత కావాల్నో అంతే ఇస్తది. మరి తెలియనిది ఒకటి పెరిగింది గదా, సమీకరణం ఎక్కడ్నుంచి తెస్తం? కేంద్రం నుంచి దూరం మారొద్దన్న కట్టుబాటే ఆ సమీకరణం!

ఇగ న్యూటన్ రెండో నియమాన్ని స్పర్శరేఖ వెంట రాసి, వేగంతోని గుణించి ఇంటిగ్రేట్ చేస్తే వేగం వర్గం 2 జీఆర్ (1 − కాస్ తీటా), ఆర్ అంటే గుండు వ్యాసార్ధం. దాన్ని కేంద్రం దిక్కు సమీకరణంల పెడితే:

ఎన్ = ఎంజీ (3 కాస్ తీటా − 2)

నెత్తిమీద ఎన్ పూర్తి బరువంత. కాస్ తీటా 2/3 కాడ, అంటే 48.2 డిగ్రీలకు, సున్న. గుండు నెట్టగలదు గని గుంజి పట్టుకోలేదు, అక్కడ్నే రాయి విడుస్తది. వ్యాసార్ధం 3 మీటర్లనుకో, సరిగ్గ 1 మీటరు దిగంగనే సెకనుకు 4.4 మీటర్ల వేగంతోని గుండును విడిచి గాల్లకు పోతది. రాయి పెద్దదైనా చిన్నదైనా, చందమామ మీదైనా కోణం అదే. పోరడు రెండుసార్లు చేసి చూస్కున్నడు, ఎం, జీ, ఆర్ అన్ని ఎగిరిపోయినయ్ అని వాని మొకం చూడాలె!

రాపిడి లేదనుకుంటెనే ఇదంత. గోళీ జారకుండ దొర్లితే 54 డిగ్రీల దాంక పోతది, శక్తిల కొంత తిరుగుడుకు పోయి వేగం తగ్గుతది గన్క.

నువ్వు ఇది చెయ్: అదే రాయిని అర్ధగోళం గిన్నె లోపలి అంచు నుంచి విడు, అడుగుల ఎన్ ఎంత? నాకు బరువుకు మూడింతలు వచ్చింది. నీకెంత వచ్చిందో జల్ది రాయి.

నీ దోస్తు