వైజాగ్ టూర్‌లో కురుసుర తప్పకుండా చూద్దాం

అందరికీ నమస్కారం. వైజాగ్ టూర్ లిస్టులో ఆర్కే బీచ్ రాశారు గానీ అక్కడి సబ్‌మెరైన్ మ్యూజియం ఐఎన్ఎస్ కురుసుర రాయలేదు. దయచేసి కురుసురను వదిలేయొద్దు. మన నల్గొండ పిల్లలు చూసింది సాగర్ లాంచీలే. సబ్‌మెరైన్ లోపలికి వెళ్లే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో!

1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో రిటైరయ్యాక ఒడ్డుకు లాగి, 2002లో మ్యూజియం చేశారు. ముందు భాగంలో టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లే ఆయుధాలు) వదిలే గొట్టాలు, వాటి తర్వాత ఇరుకు బెర్తులు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంత లోంచి వంగి దూరాలి. డెబ్బై మందికి పైగా అందులోనే బతికారు. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే గైడ్లుగా ఉంటారు, పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి.

ఇలా మిగిలిన యుద్ధనౌకలు తక్కువ. విమానాలను మోసే పాత యుద్ధనౌక విక్రాంత్ ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి కూడా 2014లో తుక్కుకు పోయింది. అలాంటిదే విరాట్ కూడా 2020లో ఓడలు విరగ్గొట్టే గుజరాత్‌లోని అలంగ్ చేరింది. నాకు ఇప్పటికీ బాధే. జనం వస్తుంటేనే ఇలాంటివి నిలుస్తాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలు బయట బీచ్‌లో కూర్చోవచ్చు. లోపలికి వచ్చేవాళ్లు ఆదివారంలోగా పేర్లు పెట్టండి.