ఆర్టిచోక్ నాటే ముందు చలి లెక్క చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ అమెరికా పేజీలో గత ఆదివారం ఆర్టిచోక్ పెంపకం గురించి వేసిన వ్యాసం చూశాను. మన కూరగాయలే కాకుండా ఇక్కడి నేలకు నప్పే పంటను కూడా పరిచయం చేసినందుకు సంతోషం. అయితే అందులో చెప్పినట్టు ఏప్రిల్ చివర్లో గోంగూర, బీర, సొరతో పాటే ఆర్టిచోక్ గింజ కూడా పెడితే కాలిఫోర్నియాలో శాన్ హోసే, ఫ్రీమాంట్, శాన్ రామన్ వైపు వాళ్లకు ఆ ఏడాది ఆకులే మిగులుతాయి. నీళ్ల బిల్లు కట్టి, నాలుగడుగుల చోటు ఇచ్చి, ఏడాది పొడుగునా ఎదురుచూసి చివరికి పీకి పారేస్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు బొమ్మ సంగతి. వ్యాసం పక్కన అల్లం కొమ్ముల్లాంటి దుంపలు వేశారు. అవి జెరూసలేం ఆర్టిచోక్‌వి. ఆ మొక్క పొద్దుతిరుగుడు జాతిది, దాంట్లో తినేది దుంప. వ్యాసంలో చెప్పిన గ్లోబ్ ఆర్టిచోక్ మధ్యధరా సముద్ర తీరపు మొక్క, మన తాండూరు, వికారాబాద్ చేలల్లో వేసే కుసుమకు చుట్టం. కుసుమ పువ్వు విచ్చకముందు ముళ్ల దొప్పలు బిగుసుకుని గుండ్రటి మొగ్గ ఉంటుంది కదా, దాన్ని పెద్ద బత్తాయి అంత ఊహించుకుంటే అదే ఆర్టిచోక్. తినేది ఆ మొగ్గనే. రెండు మొక్కల పేరూ ఒకటే కావడంతో విత్తనాలు కొనేటప్పుడు చాలామంది పొరబడతారు.

ఇక అసలు విషయం. మన పెరటి కూరలన్నీ వేడి కోరేవి. రాత్రి చలి తగ్గాకే బీర, కాకర, గోంగూర పెడతాం, ఆ అలవాటునే అన్నిటికీ వర్తింపజేస్తాం. ఆర్టిచోక్ తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. లేత మొక్కగా ఉన్నప్పుడు 10 డిగ్రీల సెల్సియస్ లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేనే దానికి మొగ్గ వేసే బుద్ధి పుడుతుంది. ఇంపీరియల్ స్టార్ అనే రకానికి దాదాపు 250 గంటలు చాలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం వాళ్లు గింజ పెట్టిన ఏడాదే మొగ్గ రావడానికి తయారు చేసిన రకం అది. పాత గ్రీన్ గ్లోబ్ రకానికి ఇంకా ఎక్కువ చలి కావాలి. పైగా దాన్ని గింజతో పెంచితే మొక్క మొక్కకూ తేడా వస్తుంది, కొన్నిటికి ముళ్లు విపరీతంగా ఉంటాయి. మొదటిసారి వేసేవాళ్లు ఇంపీరియల్ స్టార్‌తో మొదలుపెట్టడమే మంచిది.

రాత్రికి ఎనిమిది గంటలు 10 డిగ్రీల లోపు ఉందనుకుంటే నెల రోజులకు 240 గంటలు అవుతాయి. ఏప్రిల్ చివర్లో పెట్టిన గింజ మొలిచి నారు అయ్యేసరికి జూన్ వస్తుంది. అప్పుడిక ఆ చలి ఎక్కడ దొరుకుతుంది? చలి పట్టిన మొక్కకు కూడా ఆ వెంటనే 30 డిగ్రీలు దాటిన ఎండ తగిలితే పట్టిన చలి ఫలితం కొంత పోతుంది. కాలిఫోర్నియా తీరాన మాంటరే కౌంటీలో క్యాస్ట్రోవిల్ చుట్టుపక్కల 1922 నుంచీ ఈ పంట నిలదొక్కుకోవడానికి కారణం కూడా వాతావరణమే. శీతాకాలంలో గడ్డకట్టే చలి అరుదు, వేసవిలో సముద్రం మీది పొగమంచు కమ్మి ఎండ తీవ్రత తగ్గిపోతుంది.

కాబట్టి సముద్రానికి దూరంగా, కొండల లోపలి వైపు ఉన్న ఇళ్లకు సరైన సమయం ఆగస్టు రెండో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు. కుండీల్లో గింజ పెట్టి అక్టోబరులో నేలలోకి మార్చాలి. శీతాకాలమంతా చలి తింటూ ఆకు పెంచుకుంటుంది, మార్చి నుంచి మే దాకా మొగ్గలు ఇస్తుంది. మన బీర పందిరి ఎక్కే సమయానికి దీని కోత అయిపోతుంది. తీరానికి దగ్గరలో ఉన్నవాళ్లు జనవరి మొదట్లో ఇంట్లో గింజ పెట్టి మార్చి మొదట్లో నాటినా పంట వస్తుంది. డల్లాస్ వైపు అక్టోబరులోనే నాటాలి గానీ, మైనస్ 2, మైనస్ 3 డిగ్రీలకు పడిపోయే రాత్రుల్లో దుప్పటి కప్పక తప్పదు. న్యూజెర్సీలో జనవరి చివర్లో ఇంట్లో నారు పోసి, ఆరు వారాలు దాటిన నారును గడ్డకట్టని చల్లని చోట, 7 నుంచి 10 డిగ్రీల మధ్య పది రోజులు ఉంచి, ఆ తర్వాత నాటాలి. అక్కడ దీన్ని ఒక్క ఏడాది పంటగానే లెక్కేసుకోవాలి.

గింజను పావు అంగుళం లోతులో పెట్టండి. మొలవడానికి మాత్రం వెచ్చదనం కావాలి, 21 నుంచి 26 డిగ్రీలు ఉంటే పది, పద్నాలుగు రోజుల్లో మొలకలు వస్తాయి. రెండు ఆకులు వచ్చాక నాలుగంగుళాల కుండీల్లోకి మార్చాలి. తల్లివేరు నేరుగా కిందికి దిగుతుంది కాబట్టి లోతు తక్కువ ట్రేలో ఎక్కువ రోజులు ఉంచితే వేరు చుట్టుకుపోయి మొక్క గిడసబారుతుంది. పది మొలకల్లో ఒకటి రెండు పాలిపోయి, బక్కచిక్కి ఉంటాయి. జాలిపడి ఉంచుకోవద్దు, అవి ఎప్పటికీ కోలుకోవు. నాలుగు మొక్కలు కావాలంటే ఆరు గింజలు పెట్టుకోవడం ఇందుకే. ఎనిమిది వారాలకు నారు సిద్ధమవుతుంది.

ఒక్కో మొక్కకు నాలుగడుగుల చోటు కావాలి. నారు అరచేయంత ఉన్నప్పుడు ఇది దుబారాగానే కనిపిస్తుంది, కానీ ఆరు నెలలకు ఆకు ఒక్కొక్కటీ మూడడుగులు సాగుతుంది. వ్యాసంలో చెప్పిన పన్నెండంగుళాల కుండీ దీనికి ఏ మూలకూ చాలదు. నేల లేనివాళ్లు కనీసం 15 గ్యాలన్ల తొట్టి తీసుకోవాలి, అందులోనూ మొగ్గలు చిన్నవే వస్తాయి. అడుగు లోతు, అడుగున్నర వెడల్పు గొయ్యి తవ్వి, తీసిన మట్టిలో రెండు పారల మాగిన కంపోస్టు కలిపి తిరిగి నింపాలి. బంకమట్టి పెరళ్లలో మొక్క చచ్చిపోయేది ఎక్కువగా చలికి కాదు, శీతాకాలపు వానలకు మొదలు దగ్గర నీళ్లు నిలిచి కుళ్లడం వల్ల. అలాంటి చోట ఎనిమిది, పది అంగుళాల ఎత్తు గట్టు పోసి దానిమీద నాటండి. జనవరి, ఫిబ్రవరుల్లో నర్సరీల్లో మట్టి లేకుండా అమ్మే వేరు మొదళ్లు తెచ్చుకుంటే, చిగురు వచ్చే భాగం నేల మట్టానికి సరిగ్గా ఉండాలి. లోతుగా పాతిపెడితే అదీ కుళ్లుతుంది.

నీళ్ల లెక్క తేలికే. నాలుగడుగుల చదరంలో వారానికి అంగుళం నీరు పారాలంటే 10 గ్యాలన్లు కావాలి. గంటకు ఒక గ్యాలన్ వదిలే డ్రిప్పర్లు మొక్కకు రెండు పెట్టి, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండున్నర గంటలు వదిలితే సరిపోతుంది. వానలు పడే రోజుల్లో కట్టేయండి. మొగ్గ కనిపించినప్పటి నుంచి మాత్రం నేల ఆరిపోకూడదు. ఆ పది, పదిహేను రోజుల్లో నీరు తగ్గి వేడిగాలి కూడా వీస్తే దొప్పల చివర్లు నల్లబడతాయి. చూసి తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. అది తెగులు కాదు, నీటితో పాటు అందాల్సిన కాల్షియం చివరిదాకా అందకపోవడమే కారణం. లోపలి భాగం నిక్షేపంగా తినొచ్చు. అలాగే చలి రాత్రి తర్వాత మొగ్గపైన గోధుమరంగు పొక్కులు లేస్తే భయపడనక్కరలేదు, పైపొర లేచిందంతే, రుచి ఏమీ చెడదు.

ఎరువు నెలకోసారి వేస్తే చాలు. మొక్క చుట్టూ ఒక పార కంపోస్టు, దానిమీద మూడంగుళాల మందాన ఎండుటాకు. ఆ ఆకు కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి, లేకపోతే నత్తలు అక్కడే కాపురం పెడతాయి. పేనుబంక ఆకు అడుగున మొదలై మొగ్గ దొప్పల మధ్యకు చేరుతుంది. ఆకు అడుగున ఉన్నప్పుడే గొట్టంతో గట్టిగా నీళ్లు కొడితే రాలిపోతుంది, దొప్పల్లోకి దూరాక ఏ మందూ అందదు. అసలు శత్రువు ఆర్టిచోక్ ప్లూమ్ మాత్ అనే చిన్న రెక్కల పురుగు. దాని పిల్లపురుగు మొగ్గను తొలుచుకుని లోపలికి పోతుంది, బయట చిన్న రంధ్రం, దాని పక్కన పొడిలాంటి రెట్ట కనిపిస్తుంది. అలాంటి మొగ్గను కోసి కవర్లో కట్టి చెత్తలో వేయండి, కంపోస్టు గుంటలో వేయొద్దు. పురుగు లోపలికి పోకముందైతే బీటీ అనే బ్యాక్టీరియా మందు పనిచేస్తుంది. కంచె పక్కన పెరిగే ముళ్లమొక్కల మీద కూడా ఇది బతుకుతుంది కాబట్టి వాటిని పీకేయాలి.

కోత విషయంలో ఒక్కరోజు తేడా కూడా తెలుస్తుంది. మొదట నడి కాండం కొసన పెద్ద మొగ్గ వస్తుంది. అది గట్టిగా, బరువుగా ఉండి, గుప్పిట పట్టి నొక్కితే కిర్రుమనాలి. అట్టడుగు వరస దొప్పలు కాస్త సడలి, పైవి ఇంకా బిగుసుకునే ఉన్నప్పుడు కోసేయాలి. పెద్దది అవుతుందని ఇంకో వారం ఆగితే పెరిగేది మొగ్గ నడుమ ఉండే, తినడానికి పనికిరాని నూగే, దొప్పలు మాత్రం తోలులా అవుతాయి. 30 డిగ్రీలు దాటే ఎండల్లో ఇది రెండు రోజుల్లోనే జరిగిపోతుంది. మొగ్గ కింద రెండు మూడంగుళాల కాడతో సహా కోయండి, కాడ లోపలి తెల్ల భాగం మొగ్గంత రుచిగా ఉంటుంది. నడిది కోశాక పక్క కొమ్మలకు చిన్న మొగ్గలు వస్తాయి, కోడిగుడ్డంతవి. వాటిలో నూగు ఇంకా పుట్టి ఉండదు కాబట్టి పై దొప్పలు రెండు మూడు వరసలు తీసి సగానికి కోస్తే మన వేపుడికీ ఇగురుకీ అవే బాగుంటాయి.

ఒలవడం అరటిపువ్వు ఒలిచినవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. ముదురు దొప్పలు తీస్తూ పోతే లేత పసుపు రంగు భాగం వస్తుంది. పెద్ద మొగ్గలో దాని నడుమ ఉన్న నూగును చెంచాతో పూర్తిగా గీకి తీసేయాలి, అది గొంతులో గుచ్చుకుంటుంది. కోసిన ముక్క అరటిపువ్వులాగే నిమిషాల్లో నల్లబడుతుంది కాబట్టి నిమ్మకాయ పిండిన నీళ్లలో వేసుకోవాలి. ఇనుప మూకుట్లో, అల్యూమినియం గిన్నెలో వండితే రంగు పాడవుతుంది, స్టీలు గిన్నె వాడండి. వండే ముందు పావుగంట ఉప్పునీళ్లలో తలకిందులుగా ముంచితే దాక్కున్న పేనుబంక తేలుతుంది. పెద్ద మొగ్గ ఆవిరి మీద 35, 40 నిమిషాలు ఉడకాలి. నడిమి దొప్ప పట్టి లాగితే ఊడి వస్తే ఉడికినట్టు. తిన్న వెంటనే తాగిన మంచినీళ్లు కొందరికి తియ్యగా అనిపిస్తాయి. అందులోని సైనరిన్ అనే పదార్థం వల్ల అలా జరుగుతుంది, భయం లేదు.

జూన్, జూలై వచ్చేసరికి లోపలి ప్రాంతాల్లో ఆకులు పసుపెక్కి ఎండిపోతాయి. చచ్చిందని పీకేసేది ఇక్కడే. అది నిద్రలోకి పోయింది, చావలేదు. మొదలంటా కోసి, ఆ చెత్తంతా పెరటి నుంచి తీసేయండి. ప్లూమ్ మాత్ సంతతి దాంతోనే పోతుంది. నీళ్లు పదిహేను రోజులకోసారికి తగ్గించి, సెప్టెంబరులో మళ్లీ మామూలుగా మొదలుపెడితే అరటికి వచ్చినట్టు చుట్టూ పిలకలు వస్తాయి. బలమైనవి రెండు ఉంచి, మిగతావి ఎనిమిదంగుళాలు పెరిగాక వేరుతో సహా చాకుతో కోసి స్నేహితులకు పంచండి. నాలుగైదేళ్లకు మొక్కను పూర్తిగా విడదీసి కొత్తచోట నాటుకోవాలి.

హైదరాబాద్ మిద్దెతోటల్లో కూడా ఇది సులువుగా కాస్తుందని వ్యాసంలో అన్న మాట మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. అక్కడ డిసెంబరు, జనవరుల్లో రాత్రి కనిష్ఠం మామూలుగా 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. 250 గంటల చలి రాదు, మొగ్గ వచ్చే వేళకు మార్చి ఎండ మీద పడుతుంది. వేడి ప్రాంతాల రైతులు లీటరు నీటికి 20 మిల్లీగ్రాముల జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను కలిపి పిచికారీ చేసి మొగ్గ తెప్పిస్తారు, అయినా కోత సమయానికి ఎండ తగ్గి ఉండాలి. ఖరీదు పెట్టి గింజలు తెప్పించుకునే మిద్దెతోటవాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలి. లంబసింగి, చింతపల్లి లాంటి చల్లని ఊళ్లలో ఉన్నవాళ్లు అక్టోబరులో నాలుగు మొక్కలు నాటి చూడవచ్చు. అంతకుమించి ఆశ చూపడం న్యాయం కాదు.

బొమ్మ మార్చి, విత్తే నెల సరిదిద్ది ఆగస్టు మొదటి వారంలోపు అదే పేజీలో సవరణ వేయమని కోరుతున్నాను. రెండో వారానికల్లా కుండీల్లో గింజ పడాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా