రాణి కోసం చూడమన్నావు, రాజు మిగిలాడు

ఒరేయ్ శీనూ,

ఫోన్లో చెబితే మధ్యలో నీ ఆఫీసు గోల ఎత్తుకుంటావని కాగితం ముందేసుకు కూర్చున్నాను. ఏడాదిగా చూడు చూడు అని ప్రాణం తీశావే, ఆ డెన్మార్క్ సినిమా 'ఎ రాయల్ అఫైర్', మొన్న శనివారం రాత్రి చూశాను. మీ చెల్లెమ్మ అరగంటకే నిద్రపోయింది. నేను మాత్రం సినిమా అయ్యాక కూడా రెండింటిదాకా మేలుకుని ఆ రాజుగారి చరిత్ర తవ్వుకుంటూ ఉండిపోయాను.

నువ్వేమో 'పిచ్చి రాజు, పాపం రాణి, మంచి డాక్టరు' అని మూడు ముక్కల్లో తేల్చేశావు. అక్కడే నీతో నాకు పేచీ.

ముందు ఆ పెళ్ళి సంగతి విను. కరోలిన్ మటిల్డా ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి చెల్లెలు. పెళ్ళికొడుకు, అదే డెన్మార్క్ రాజు ఏడో క్రిస్టియన్, ఆమెకి ఏమవుతాడనుకున్నావు? సొంత మేనత్త కొడుకు! అచ్చం మన మేనరికమేరా. కాకపోతే మన దగ్గర బావ లాగూల్లో తిరిగే రోజులనుంచీ తెలుసు, వీళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. 1766లో పెళ్ళినాటికి ఆ పిల్లకి 15, అతనికి 17. లండన్‌లో పెళ్ళి జరిగితే పెళ్ళికొడుకు అక్కడ లేనే లేడు. అతని బదులు నిలబడింది ఎవరో తెలుసా? పెళ్ళికూతురి సొంత అన్న! వెనకటి జమీందార్లు కత్తికి బాసికం కట్టి పెళ్ళి కానిచ్చేవాళ్ళని మా తాతయ్య చెబితే పడీ పడీ నవ్వాం, గుర్తుందా? కత్తే నయం కదరా.

ఇక క్రిస్టియన్. మూడేళ్ళు నిండకముందే తల్లి పోయింది. తండ్రి తాగుడులో మునిగిపోయాడు. చదువు చెప్పాల్సిన దొర చావగొట్టేవాడు. (ఆ తండ్రి ఐదో ఫ్రెడరిక్ పేరు మీదే డేన్లు బెంగాల్లోని శ్రీరాంపూర్‌ని ఫ్రెడరిక్స్‌నగర్ అన్నారట. 1814లో విలియం కేరీ అనే పాదిరీ దొర రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది ఆ ఊళ్ళోనే. ఎక్కడి చుట్టరికం ఎక్కడ తేలిందో చూడు.) ఆ పైన బుర్రకి జబ్బు. అలాంటివాడికి వైద్యం చేయడానికి జర్మన్ డాక్టరు స్ట్రూన్సే వచ్చాడు. ఇద్దరూ నాటకాల మాటలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ దోస్తులైపోయే సీను ఉంది చూశావూ, నాకు రాణికీ డాక్టరుకీ నడిచిన ప్రేమ కథ కంటే అదే నచ్చింది. తర్వాత మంత్రుల ముందు ఏం మాట్లాడాలో డాక్టరు నేర్పిస్తే, రాజు వేషం కట్టినట్టు పలికేస్తాడు.

డాక్టరు చేసిన మంచిని కాదనను. విచారణలో చిత్రహింసలు రద్దు చేశాడు, పుస్తకాల మీద సెన్సారు ఎత్తేశాడు. 1770లో రెండేళ్ళ యువరాజుకి మశూచి రాకుండా సూదేశాడు. అప్పటికి జెన్నర్ టీకా రాలేదురా. మనవైపు అమ్మవారు పోసిందంటామే, అలా జబ్బుపడ్డవాళ్ళ పుండులో చీము తీసి బాగున్నవాళ్ళ ఒంట్లోకి ఎక్కించడమే. కన్నతల్లి ఒప్పుకుని పక్కన కూర్చోవడమంటే మాటలా! తమాషా ఏమిటంటే, సెన్సారు పోగానే జనం అచ్చేసింది డాక్టరు మీదా రాణి మీదా బూతులే.

అసలు నన్ను పట్టుకున్నది రాజుగారి సంతకం. మొదట మంత్రులు పెట్టమన్నచోట పెట్టాడు. 1771కి వచ్చేసరికి డాక్టరు సంతకమే రాజు సంతకంతో సమానమని ఉత్తర్వు. 1772 జనవరిలో మారువేషాల డాన్సు అయిన రాత్రి, రాజు సవతి తల్లి మనుషులు అతని పడగ్గదిలోకొచ్చి డాక్టర్నీ రాణినీ పట్టుకోమన్న కాగితాల మీద సంతకం చేయించుకున్నారు. ఏప్రిల్లో విడాకులు, అదే నెల 28న డాక్టరు తల తెగింది. పన్నెండేళ్ళకి, 1784లో, కన్నకొడుకు కూడా నిండు సభలో కాగితం తండ్రి ముందు పెట్టి సంతకం చేయించుకుని మరీ అధికారం లాక్కున్నాడు. మంచి పనికే అనుకో. అయినా అదే చెయ్యి, అదే కలం.

సవతి తల్లిని మాత్రం మన సీరియల్ అత్తగారిలా చూపించారు, అది నచ్చలేదు. రాజు వేషం వేసిన మికెల్ ఫోల్స్‌గార్‌కి బెర్లిన్‌లో ఉత్తమ నటుడి బహుమతి ఊరికే ఇవ్వలేదు. నవ్వుతూ నవ్వుతూనే భయపడిపోతాడు.

రాణిని జర్మనీలోని త్సెల్లె అనే ఊరికి పంపేశారు. పిల్లల్ని మళ్ళీ చూడకుండానే 1775లో పోయింది. 23 ఏళ్ళు. అదే ఏడాది రాజు ఒక బొమ్మ గీశాడట: స్ట్రూన్సే, అతనితోపాటు చంపేసిన అతని స్నేహితుడు బ్రాంట్. పక్కన జర్మన్‌లో, 'ఇద్దర్నీ కాపాడాలని ఉండేది' అని రాసుకున్నాడు. ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పి రాయించింది కాదు.

సంక్రాంతికి వస్తున్నావుగా, మళ్ళీ కలిసి చూద్దాం. ఈసారి నువ్వు రాజు మొహం మీంచి చూపు తిప్పకూడదు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ పెట్టే మాగాయ అయిపోయిందని కూడా చెప్పు.

నీ
సూరి